ఇగంలో తోడుకున్న పెరుగు

నేను పాలమూరు పిల్లను. అచ్చంపేట అవతల మా ఊరు. ఎండంటే నాకు లెక్కలేదు. బండలు పగిలే ఎండలో చెప్పుల్లేకుండా చేనుకు సద్ది మోసిన కాళ్లు ఇవి. చలి దగ్గరికొచ్చేసరికి మాత్రం నా ధైర్యమంతా దుప్పట్లో దూరుతుంది. పెళ్లయి కేతేపల్లికి వచ్చాక మొదటి రెండు చలికాలాలు ఎట్లాగో ఈడ్చాను. మొన్నటి డిసెంబరులో పడిన, ఎముకలు కొరికే ఇగం మాత్రం నా మీద పగబట్టే వచ్చింది. మాది రేకుల ఇల్లు. ఎండాకాలం పెనంలా కాలే ఆ రేకు చలికాలం తెల్లారేసరికి చెమ్మపట్టి మీద బొట్లు రాలుస్తుంది. కింద షాబాద్ బండలు, పైన రేకు, నడుమ నేను.

మా అత్తమ్మ బిక్షమ్మకు చలి తెలియదు. తెలిసినా ఒప్పుకోదు. కోడి కూసేసరికి లేచి, కొంగు నడుముకు చుట్టి, చన్నీళ్లతోనే వాకిట్లో సానుపు చల్లుతుంది. నేను రెండు స్వెట్టర్ల మీద మా ఆయన పాత జర్కిన్ తొడుక్కుని పొయ్యి ముందు కూర్చుంటే, దాటిపోతూ ఒక చురక అంటిస్తుంది.

"ఏందే మల్లికా, సలి ఊరంత తిరిగి ఎవ్వలు దొర్కక నీ మీదనే వడ్డదా?"

"అందరి మీద వడ్డది అత్తమ్మా. నేను ఒప్పుకుంటున్న, నువ్వు ఒప్పుకుంటలేవు. గంతే తేడా."

నాకు చలితో మొదటి నుంచీ తగాదా ఉంది. మా అత్తమ్మకు మాత్రం ఆ తగాదా పెరుగు దగ్గర వచ్చింది. అదే చెప్పబోతున్నాను.

మాకు మూడు బర్రెలు. మా మామ ఏసోబు వాళ్ల నాయిన కాలంలో మాకు గుంటెడు భూమి లేదు. ఒకరి దొడ్లో జీతమున్నారు. ఇప్పుడు ఎకరంన్నర ఉంది, సొంత కొట్టం ఉంది. కొట్టంలో ఉన్నవి మా బర్రెలే. పాల కేంద్రంలో పోయగా మిగిలిన పాలు అత్తమ్మ కుండలో తోడుపెట్టి అమ్ముతుంది. ఆమె పెరుగు గట్టిగా, మీద వేలు మందం మీగడతో ఉంటుంది. కోడలినని పొగడటం లేదు. ఆమెను పొగడాల్సిన అవసరం నాకేమీ లేదు.

పెద్ద బజారులో శ్యామలమ్మ గారింటికి మా ఇంటి నుంచి రోజూ పాలు పోతాయి. పాలే పోతాయి. పెరుగు ఒక్కనాడూ పోలేదు. మా పాలు తీసుకుని కాచుకుని, వాళ్లింట్లో వాళ్లే తోడు పెట్టుకుంటారు. పాలు బర్రెవి, పెరుగు మనిషిది, అదీ పెద్ద బజారు లెక్క. కాచితే పోయేదేదో పాలలో ఉంటుందట, పెరుగులో అది నిలిచిపోతుందట. ఎవరూ నోరు తెరిచి ఈ మాట అనరు. శ్యామలమ్మ నవ్వుతూనే మాట్లాడుతుంది. బర్రె ఈనితే బెల్లం కూడా పంపుతుంది. పెరుగు మాటొస్తే మాత్రం "మా ఇంట్ల ఉన్నదిలే" అంటుంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. అత్తమ్మ ఆ మాట ఎత్తనివ్వదు.

మా పెరుగు మొట్టమొదట కొన్నది షరీఫున్నీసా. ఆమె భర్త అబ్దుల్ ఖాదర్ పరుపులు, రజాయిలు కుడతాడు. అత్తమ్మ కొత్తగా పెరుగు పెట్టిన రోజుల్లో, ఊరంతా తిరిగి ఒక్క చిన్న మట్టి గురిగి కూడా అమ్మలేక ఇంటికి పోతుంటే, షరీఫున్నీసా వాకిట్లోనే ఆపి, వేలితో తీసి నోట్లో పెట్టుకుని, "రేపటి సంది రోజు తే" అన్నదట. ఆ ఒక్క మాట మీదే మా అత్తమ్మ యాపారం నిలబడ్డది. అందుకే షరీఫున్నీసా మనుమడు డానిష్ పెళ్లి కుదిరిందని తెలిసిన రోజే అత్తమ్మ చెప్పులేసుకుని వాళ్లింటికి పోయింది. నేనూ వెంట పోయాను.

"ఆపా, డానిష్ వలీమాకు పెరుగు నాది. బిర్యానీల చట్నీకి, ఆఖరికి బగారలకు, అంత నాదే. పాకెట్ పెరుగు మీ గేటు దాటొద్దు" అన్నది అత్తమ్మ.

డానిష్ వాళ్ల నాయిన నసిగాడు. పాకెట్లయితే ఒక్క ఫోన్ కొడితే బండిలో వస్తాయి కదా అని. షరీఫున్నీసా కొడుకు వైపు చూసి, "నువ్వు జర చుప్ ఉండు. బిక్షమ్మ జబాన్ ఇచ్చింది" అన్నది. మాట అక్కడికి ఖరారయింది.

వలీమా అంటే పెళ్లికొడుకు ఇంటి విందు, దానికి ఊరంతా పిలుపు. పెద్ద బజారూ వస్తుంది. ఊరు ఊరంతా ఒక్కచోట కూర్చుని బిక్షమ్మ పెరుగు తినడం అదే మొదటిసారి కాబోతుంది. అత్తమ్మ ఆ సంగతి పైకి అనలేదు కానీ కుమ్మరి దగ్గరికి పోయి పన్నెండు కొత్త కుండలు తెచ్చి, నీళ్లు పోసి నానబెట్టి, ఎండబెట్టి, పెళ్లిపిల్లకు నలుగు పెట్టినట్టు తోమింది. బర్రెలున్న జంగయ్య ఇంట్లో కూడా పాలు మాట్లాడి పెట్టింది.

సరిగ్గా వారం ఉందనగా ఇగం దిగింది.

ఆ తెల్లారి కుండ మూత తీస్తే పాలు పాలుగానే ఉన్నాయి. అత్తమ్మ వేలు ముంచి చూసింది. మళ్లీ ముంచింది. బర్రెకేమన్నా అయిందా అని కొట్టంలోకి పోయి చూసొచ్చింది. మరునాడు తోడు రెండింతలు వేసింది. పెరుగు కాలేదు సరికదా, జిగటగా, పుల్లగా సాగింది. దాన్ని కుక్కకు పోస్తే అది వాసన చూసి మా మొహాలు చూసింది.

మా ఒక్క ఇల్లే కాదు, ఊరంతా ఇదే గోస. పాలు పొద్దెక్కేదాకా పాలుగానే ఉంటున్నాయి. అయితే ఊరికి పెరుగు లేకపోతే ఒక పూట చారుతో గడుస్తుంది. అత్తమ్మకు పోయేది మాట.

ఇక అందరూ సలహాలే. మా అమ్మ నర్సింగమ్మకు ఫోన్ చేశాను. "జొన్నల గుమ్మిల మెడదాక పూడ్సిపెట్టుండ్రే. మా ఇంట్ల ఎన్నడన్న పెరుగు తప్పిందా?" అన్నది. కేతేపల్లిలో జొన్నలెక్కడివి? మూసీ నీళ్లు, వరి పొలాలు. వడ్ల బస్తాలో పూడ్చిపెట్టాం. వడ్లే ఇగానికి బిగుసుకుపోయి ఉన్నాయి, ఇక కుండకేం వేడినిస్తాయి? మా ఆయన విజేందర్ లారీ తీసుకుని పంజాబు పోయి, పొగమంచుకు తొవ్వ కనబడక మూడు రోజులుగా ఏదో దాబా ముందు బండి ఆపుకుని ఉన్నాడు. ఫోన్‌లో ఆయన పళ్లు కొట్టుకునే చప్పుడు మాట కన్నా గట్టిగా వినిపిస్తోంది.

"బండి ఆపంగనే ఇంజన్ మీద గిన్నె పెడితే పొద్దుగాలకు గడ్డ పెరుగైతది మల్లికా. మా క్లీనర్ చేసి సూపిచ్చిండు" అన్నాడు.

"నీ ఇంజన్ ఈడికి తోలు మల్ల" అన్నాను. నాకు ఒళ్లు మండింది, చలిలో అంతకంటే వేడి ఇంకెక్కడా దొరకలేదు.

మామ తన వంతుగా వాకిట్లో మంట వేసి, మంట పక్కన కుండ పెట్టి కాపలా కూర్చున్నాడు. మంట వైపు పాలు విరిగి నీళ్లయ్యాయి, అవతలి వైపు పాలు అట్లాగే ఉన్నాయి, మొత్తానికి పొగ వాసన పట్టింది. అత్తమ్మ ఆ కుండను చూసి ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనలేదంటే మామకు భయం. కండువా దులుపుకుని, "బర్లకాడ దొంగలు తిరుగుతుండ్రంట, నేను కొట్టంల పండుకుంట" అని మెల్లగా జారుకున్నాడు. ఆ రాత్రి నుంచి ఆయన అక్కడే పడుకుంటున్నాడు.

నాలుగోనాడు అత్తమ్మ అబ్దుల్ ఖాదర్ దగ్గరికి పోయి రజాయి తెచ్చింది. కొత్త దూది, పైన పూల గుడ్డ. పాలు కాచి, గోరువెచ్చగా ఉన్నప్పుడు తోడేసింది. అంతలో చర్చి పిల్లలు క్రిస్మస్ పాటలు పాడుకుంటూ వాకిట్లోకొచ్చారు. వాళ్లకు అరిసెలు పెట్టి, రెండు పాటలు తానూ అందుకుని, వాళ్లు పోయాక వచ్చి కుండలను రజాయిలో చుట్టింది. చంటిపిల్లను చుట్టినట్టు చుట్టింది. తెల్లారి విప్పితే కుండ చల్లగా, రజాయి చల్లగా, పాలు చల్లగా.

సరిగ్గా అప్పుడే మంజూర్ వచ్చాడు.

మంజూర్‌ది కాశ్మీర్. ఏటా దీపావళి దాటాక శాలువల మూటతో దిగి, అబ్దుల్ ఖాదర్ ఇంట్లో ముందరి అర్ర కిరాయికి తీసుకుని, బండి మీద చుట్టుపక్కల ఊర్లన్నీ తిరిగి అమ్ముతాడు. ఎనిమిదేళ్లుగా వస్తున్నాడు, మన మాటలన్నీ నేర్చాడు. రజాయి తీసుకుపోదామని వచ్చి, అత్తమ్మ తలపట్టుకుని కూర్చోవడం చూసి సంగతి కనుక్కున్నాడు. విని నవ్వాడు.

"అమ్మా, రజాయి వేడి పుట్టియ్యది. ఉన్న వేడిని పట్టుకుంటది. నువ్వు సల్లగైనంక సుట్టినవు. అది సల్లదనాన్ని పట్టుకున్నది."

"నవ్వుతవేందిర? నా పానం పోతాంది ఈడ" అన్నది అత్తమ్మ.

మంజూర్ నవ్వు ఆపాడు. అప్పుడు చూశాను నేను, ఆయన ఒంటి మీద మూడు శాలువలున్నాయి. అమ్మకానికి తెచ్చినవే. మూడో శాలువకు ఇంకా చీటీ వేలాడుతోంది.

"ఏంది భాయ్, నీ సరుకు నువ్వే కప్పుకుంటున్నవ్? మీ దగ్గర మంచు వడ్తది గదా, నీకు గూడ సలేనా?" అన్నాను. నాలాంటి మనిషి ఒకడు దొరికాడని నాకు లోపల మస్తు సంబరం.

"ఏం చెప్పాలె భాభీ! మా దగ్గర సలి బయట ఉంటది, ఇంట్ల ఉండది. మీ దగ్గర సలి ఇంట్లకే వచ్చి పండుకుంటది. మా కాడ గోడలు మందం, కింద గడ్డి, గడ్డి మీద కంబళి, దాని మీద మేము. నల్లాల నీళ్లు గడ్డగట్టినా ఇంట్ల మా అమ్మీ చాయ్ తాగుకుంట ముచ్చట వెడ్తది. ఈడ బండల మీద కాలు వెడితే నెత్తి దాక గుంజుతాంది. నేను సలికి భయపడి సౌత్‌కు వచ్చిన. ఇప్పుడు అమ్మీకి ఫోన్ చేసి సలైతాందంటే ఆమె నమ్ముతలేదు. అబద్ధాలు నేర్సినవ్ అంటాంది."

"విన్నవా అత్తమ్మా" అన్నాను. "కాశ్మీరోడే ఒప్పుకుంటుండు!"

ఆ పగలంతా మంజూర్ కనిపించలేదు. పొద్దు వాలేవేళకు మా వాడకట్టు పిల్లలంతా కేకలు పెడుతూ ఒక మనిషి వెంట వస్తున్నారు. మంజూరే. శాలువ కింద పొట్ట ముందుకు పొడుచుకొచ్చి, అందులోంచి సన్నగా వెచ్చటి సెగ. "నెలలు నిండినయా మంజూరూ?" అని ఎవరో అరిస్తే బజారంతా విరగబడి నవ్వింది. ఆయన సిగ్గుపడుతూ శాలువ తొలగించి చూపించాడు. మా పెరుగు గురిగే! చుట్టూ ఈత బరిగెలతో అల్లిన చిన్న బుట్ట, పట్టుకోవడానికి పిడి. గురిగిలో బొగ్గు నిప్పులు, పైన మందంగా బూడిద.

"దీన్ని మా దగ్గర కాంగ్డీ అంటరు. సలికాలమంత దీన్ని చంకల వెట్టుకునే తిరుగుతం. ఇన్నేండ్లు ఈడికి తెస్తే నవ్వుతరని తేలే. సరే, నవ్వుండ్రి. నా పొట్ట వెచ్చగున్నది" అన్నాడు.

అత్తమ్మ కూడా నవ్వింది. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది, నాలుగు రోజుల తర్వాత. నవ్వుతూనే చెయ్యి చాచి ఆ గురిగి పక్కన అరచెయ్యి ఆనించింది. అంతే, నవ్వు ఆగిపోయింది. చెయ్యి తియ్యలేదు. పిల్లల గోల ఆగలేదు గానీ ఆమెకు ఏదీ వినబడటం లేదని నాకు తెలిసిపోయింది.

"ఎంతసేపు ఉంటది ఈ వేడి?" అన్నది.

"బూడిద మంచిగ కప్పితే తెల్లారేదాక."

"గింతే ఉంటదా? పెరగదా, తగ్గదా?"

"పెరగది. మెల్లగ తగ్గుతది."

"మల్లికా, ఈడ చెయ్యి పెట్టి సూడు. బర్రె పొదుగు ఎంత వేడి ఉంటదో గంతనే ఉన్నది" అన్నది అత్తమ్మ. ఎన్నేళ్లుగానో రోజుకు రెండుసార్లు ఆ వేడిని పట్టుకున్న చెయ్యి అది, తప్పు చెప్పదు. మంట పక్కన పెడితే విరిగిన పాలకు, రజాయిలో బిగుసుకున్న పాలకు నడుమ కావలసిన వేడి ఏదో ఆమెకు దొరికింది. నివురుగప్పిన నిప్పు అని మనం భయంగా అనే మాటలో ఇంత మేలుందని నాకూ అప్పుడే తెలిసింది.

ఇక ఇల్లంతా కదిలింది. మంజూర్ కూర్చుని నాలుగు కాంగ్డీలు కట్టాడు. పరుపులు కుట్టే సూదితోనే అబ్దుల్ ఖాదర్ బుట్టలకు పురికొస బిగించి ఇచ్చాడు. అయితే కుండలెక్కడ పెట్టాలి? ఇంట్లో రేకు చల్లదనం. తలుపులు, కిటికీలు బిగించేద్దామంటే మంజూర్ ఒప్పుకోలేదు.

"వద్దమ్మా. నిప్పులు ఉన్న అర్ర తలుపులు మూయొద్దు. మా దగ్గర గట్ల మూసి పండుకుని తెల్లారి లేవనోళ్లు ఉన్నరు. గాలి ఆడాలె, కానీ కుండకు తాకొద్దు."

గాలి ఆడాలి, తాకకూడదు. అట్లాంటి జాగా ఏముందా అని ఆలోచిస్తూ నేను గడ్డి తేవడానికి కొట్టంలోకి పోయాను. పోయి చూద్దును గదా, మా మామ దుప్పటి లేకుండా, అంగీ గుండీలు విప్పుకుని, మా ముసలి బర్రె వీపుకు వీపు ఆనించి, గడ్డిలో హాయిగా కాళ్లు చాపి కూర్చున్నాడు. పాలు తాగిన పిల్లి కూడా అంత సుఖంగా ఉండదు.

"మామా! దొంగలకు కాపలా ఇదేనా?"

ఆయన ఉలిక్కిపడి వేలు నోటి మీద పెట్టుకున్నాడు. "మెల్లగ మాట్లాడవే బిడ్డా. మీ అత్తమ్మకు తెలిస్తే ఆమె గూడ ఈడికే వస్తది. మల్ల నాకు జాగా ఉండది."

కొట్టం నిజంగా వెచ్చగా ఉంది. మూడు బర్రెల ఊపిరి, మూడు దిక్కుల గడ్డి వాము, పైన తాటాకు కప్పు, కప్పుకూ గోడకూ నడుమ గాలి ఆడేంత సందు. రాత్రిళ్లు నేను జర్కిన్‌లో వణుకుతుంటే ఈ పెద్దమనిషి ఇక్కడ చెమట పట్టించుకుంటున్నాడు. నేను అక్కడి నుంచే గొంతెత్తి అత్తమ్మను పిలిచాను. మామ మొహం చూడాలి అప్పుడు.

ఆ రాత్రి ఒక్క కుండతో చూశాం. తోడుకుంది. అయినా ఒక్క కుండ తోడుకుంటే పన్నెండు తోడుకుంటాయని ఏం నమ్మకం? వలీమా ముందు రోజు సాయంత్రం పాలన్నీ కాచి, అత్తమ్మ ప్రతి కుండలో తానే వేలు ముంచి వేడి చూసి, తోడేసి, ఒక్క క్షణం కూడా చల్లారనివ్వకుండా గడ్డిలో దించింది. కొట్టంలో ఓ మూల శుభ్రంగా ఊడ్చి, తడక అడ్డం కట్టి, అటు బర్రెలు ఇటు కుండలు. కుండల నడుమ గడ్డి తీసేసిన జాగాలో కాంగ్డీలు, కుండలకు షరీఫున్నీసా పంపిన రజాయిలు. ఈసారి వేడి ఉండగానే చుట్టాం. చర్చి పాటలవాళ్లు మళ్లీ వస్తే అత్తమ్మ వాకిట్లోంచే, "ఇయ్యాల పాడకుండ్రి బిడ్డా, పండుకున్నయి" అన్నది. ఏవి పడుకున్నాయో వాళ్లకు అర్థం కాలేదు.

తెల్లారి మూత తీసే ధైర్యం అత్తమ్మకు లేకపోయింది. అంత మనిషి, తడక అవతలే నిలబడి కొంగు కొస నములుతోంది.

"నువ్వే తియ్యే" అన్నది నాతో.

మొదటి కుండ మూత తీసి, కుండ కాస్త వంచాను. పెరుగు కదల్లేదు. ఇంకాస్త వంచాను. మీగడ మీద చిన్న ముడత పడింది, అంతే. రెండోది, మూడోది, పన్నెండూ. నేను కుండను ఆమె వైపు తిప్పాను. అత్తమ్మ ఒక్కసారి చూసి, తడక పట్టుకుని గడ్డిలో కూలబడి, "దేవా, నా మాట నిలవెట్టినవ్" అన్నది. నేనూ పక్కన కూర్చున్నాను. పెళ్లయ్యాక ఆమె చెయ్యి నేను పట్టుకోవడం అదే మొదటిసారి.

వలీమా షామియానా కింద బావర్చి మా పెరుగులో గరిటె దించి, గడ్డ గడ్డగా తీస్తూ, "అరె, ఇది కోసుడే ఉన్నది!" అన్నాడు. డానిష్ వాళ్ల నాయిన అత్తమ్మ దగ్గరికొచ్చి తల గోక్కున్నాడు. షరీఫున్నీసా కొత్త పెళ్లికూతురికి అత్తమ్మను చూపించి, "ఈమె బిక్షమ్మ. నా చెల్లె. ఈమె పెరుగు రేపటి సంది నువ్వు కూడ తింటవ్" అన్నది.

పెద్ద బజారు వాళ్లకు పప్పు, బగారన్నం పంక్తి వేరే వేశారు. పెరుగు బకెట్టు పట్టుకుని ఆ పంక్తిలో నేనే నడిచాను, పంతం పట్టి. శ్యామలమ్మ ముందు ఆగాను. ఆమె విస్తరి మీద చెయ్యి అడ్డం పెడుతుందని ఎదురు చూశాను. పెడితే ఏమనాలో కూడా సిద్ధం చేసుకున్నాను. ఆమె పెట్టలేదు. పెరుగు వైపు చూసింది, నా వైపు చూసింది. వేశాను. పంక్తి చివరిదాకా పోయి తిరిగొస్తుంటే, "మల్లికా, ఇంక జరంత" అన్నది. సిద్ధం చేసుకున్న మాటలన్నీ నా నోట్లోనే ఉండిపోయాయి. ఇప్పటికీ వాటిని ఎక్కడ వాడాలో తెలియడం లేదు.

పుష్యం దగ్గరపడ్డ పొద్దు, చూస్తుండగానే చీకటి పడింది. ఇంటికొచ్చి, వాకిట్లో కట్టిన క్రిస్మస్ నక్షత్రానికి స్విచ్ వేసి, మిగిలిన ఒక్క కుండ ముందు పెట్టుకుని అందరం కూర్చున్నాం. అప్పుడు గేటు దగ్గర శ్యామలమ్మ కనిపించింది. చెయ్యి కొంగు కింద ఉంది. కొంగు కింద ఏదో ఉంది.

"బిక్షమ్మా" అన్నది, లోపలికి రాకుండానే. "వారం సంది మా ఇంట్ల పాలు తోడుకుంటలేవు. ఎన్ని చేసినా కాలే. జరంత తోడు ఇస్తవా?"

కొంగు కింద నుంచి చిన్న స్టీలు గిన్నె బయటికి వచ్చింది. పగలు రావచ్చు కదా. ఎవరూ చూడకుండా చీకటి పడ్డాక వచ్చింది. నాకు మళ్లీ అరికాలి మంట మొదలయింది. దానికి తోడు ఊరి పద్ధతి ఒకటి నా చేతికి దొరికింది. దీపం పెట్టాక పాలూ పెరుగూ ఉప్పూ ఎవరూ గడప దాటించరు, ఏ మతమైనా సరే. పెద్ద బజారు వాళ్లకు ఈ పట్టింపు ఇంకా ఎక్కువ.

"దీపం పెట్టినంక తోడు ఇయ్యరు గదమ్మా. రేపు పొద్దుగాల రాండ్రి" అన్నాను, ఎంతో మర్యాదగా.

శ్యామలమ్మ మొహం వాడిపోయింది. "అవు గద. మరిచిన" అని గిన్నె మళ్లీ కొంగు కిందికి తీసింది.

అత్తమ్మ లేచింది. నడిచిపోయి నక్షత్రం స్విచ్ ఆపేసింది. తర్వాత వాకిట్లో కరెంటు బుగ్గ ఆపింది. లోపల బుగ్గ కూడా ఆపింది. వాకిలంతా చీకటి. ఆ చీకట్లో ఆమె గొంతు వినబడింది.

"ఇప్పుడు దీపం ఏడున్నది? లోపటికి రా శ్యామలమ్మా. గిన్నె ఇటియ్యి."

గాజుల చప్పుడు, కుండలో చెంచా దిగిన చప్పుడు వినబడ్డాయి. "పాలు పొదుగు వేడి ఉన్నప్పుడు వెయ్యి. సల్లారనియ్యకు. బూడిద కప్పిన నిప్పులు పక్కన వెట్టు, తలుపు జర తెరిచి ఉంచు" అని చెబుతోంది అత్తమ్మ. అవతల నుంచి "సరే, సరే" అని వినిపిస్తోంది. గేటు మూసుకున్నాక అత్తమ్మ బుగ్గలన్నీ మళ్లీ వేసింది. నక్షత్రం వెలిగింది. నేను సిగ్గుతో, కోపంతో, ఇంకా ఏదో తెలియని సంతోషంతో గోడ వైపు చూస్తూ కూర్చున్నాను.

"ఏందే గట్ల మొహం వెట్టినవ్?" అన్నది నాతో.

"చీకట్ల వచ్చింది గద అత్తమ్మా, ఎవ్వలు చూడొద్దని."

"వచ్చింది గదా" అన్నది అత్తమ్మ.

మంజూర్ అదే సమయానికి పొట్ట మీద కాంగ్డీతో వచ్చి, కరెంటు పోయిందా అని అడిగాడు. వలీమాలో ఇరవైమంది ఆయన్ని పట్టుకుని కాంగ్డీ కట్టివ్వమన్నారట. "శాలువలు అమ్ముదామని వచ్చిన. ఇప్పుడు అందరు నిప్పులు పొట్టకు కట్టుకుంటే నా శాలువలెవ్వలు కొంటరు?" అని గొల్లుమన్నాడు. మామ ఓదార్చాడు, కొట్టంలో ఆయనకు కూడా ఒక బర్రెను కేటాయిస్తానని మాటిచ్చి.

మరునాడు బాగా పొద్దెక్కాక, ఎండ వాకిట్లోకి వచ్చాక, బజారులో జనం అటూ ఇటూ తిరుగుతుండగా శ్యామలమ్మ మా ఇంటికొచ్చింది. ఈసారి గిన్నె చేతిలో ఉంది, కొంగు కింద లేదు. తోడు తీసుకుపోతే తిరిగి ఇవ్వాలి కాబట్టి దాని నిండా పెరుగు. వాళ్లింట్లో తోడుకున్నది.

"రుచి చూడు బిక్షమ్మా. మంచిగ కుదిరిందా?" అన్నది.

అత్తమ్మ వాకిట్లోనే నిలబడి, వేలితో తీసి నోట్లో వేసుకుంది. కళ్లు మూసుకుంది. ఆమె ఏం చెబుతుందా అని శ్యామలమ్మ, పరీక్ష రాసిన పిల్లలాగా చూస్తోంది.

"ఉప్పు పెట్టకుండ తినొచ్చు. మంచిగున్నది" అన్నది అత్తమ్మ. తర్వాత గిన్నె నా చేతికిచ్చింది. "మల్లికా, దీంట్లకెల్లి ఒక చెంచెడు పక్కకు తియ్యి. ఇయ్యాల మన కుండకు తోడు గిదే."

శ్యామలమ్మ అప్పుడే పోలేదు. ఎండలో మా గడప మీద కూర్చుని, చాయ్ తాగి, చలి గురించి మాట్లాడి పోయింది.